బస్తా మోస్తే తగ్గే నడుము నొప్పి: ఒక హమాలీ వెన్నెముక కథ

"సార్, మార్కెట్ నడిచినన్ని రోజులు మంచిగనే ఉంటది. శని, ఆదివారం బందుంటది గదా, గప్పుడే నడుము పట్టేస్తది."

ఓపీలో నా ఎదురుగా కూర్చున్న 27 ఏళ్ల యువకుడు అన్న మాట ఇది. కుర్చీలో కుదురుగా కూర్చోలేక బరువు ఒకసారి కుడి పిర్ర మీదికి, ఒకసారి ఎడమ పిర్ర మీదికి మారుస్తున్నాడు. పరకాల వైపు ఊరు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో ఏడేళ్లుగా హమాలీ. మిర్చి సీజన్‌లో రోజంతా 40 కిలోల పైబడిన బస్తాలు దించడం, కాంటా మీద పెట్టడం, లారీకి ఎక్కించడం. ఇలాంటి పని చేసే మనిషికి నడుము నొప్పి వస్తే ఎవరైనా బస్తాలనే తప్పు పడతారు. ఏడేళ్లుగా అందరూ అదే చెప్పారు, అతనూ అదే నమ్మాడు.

కానీ డిస్క్ వల్లనో కండరం పట్టడం వల్లనో వచ్చే నొప్పి బస్తా ఎత్తితే పెరగాలి, పడుకుంటే తగ్గాలి. ఇతనిది తలకిందులుగా ఉంది. ఆ తేడా పట్టుకుని వెళ్తే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నెముక కీళ్లలో వాపు వచ్చి మెల్లగా బిగుసుకుపోయే జబ్బు, అని తేలింది. అయితే జబ్బు పేరు పట్టుకోవడం కోసం ఈ కేసు రాయడం లేదు. అతని ఒంట్లో ఒకే రోజున ఈ జబ్బు వేర్వేరు దశల్లో కనిపించింది. ఒక కీలులో అప్పుడే రాజుకున్న వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఇంకో కీలులో అది చల్లారాక మిగిలిన కొవ్వు, ఆ పక్కనే మొలుస్తున్న కొత్త ఎముక. మందు ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ చేయలేదో ఏడాది తర్వాత చూస్తే, ఆ దశలను బట్టే ఉంది. అందుకే వివరంగా రాస్తున్నాను. అతని అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఏడేళ్ల చీటీలు

నొప్పి మొదలైంది 20 ఏళ్లప్పుడు. "మొదట్ల పిర్రలల్లనే ఉండె సార్. ఓ నెల కుడి దిక్కు, ఓ నెల ఎడమ దిక్కు." దాన్ని సయాటికా అన్నారు. సయాటికా నొప్పి సాధారణంగా మోకాలు దాటి పాదం దాకా దిగుతుంది. ఇతనిది తొడ వెనక సగంలోనే ఆగిపోయేది. రాత్రి రెండు, మూడు గంటలకు మెలకువ వస్తుంది. లేచి వాకిట్లో కాసేపు తిరిగితే తప్ప మళ్లీ నిద్ర పట్టదు. పొద్దున సంగతి అడిగితే, "లేశినంక గంటదాకా నడుము కట్టె లెక్కుంటది సార్. చెప్పులు తొడుక్కుందామన్నా వంగరాదు. జర సేపు నడిస్తె ఇడుస్తది" అన్నాడు.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఎన్ని సూదులు వేయించుకున్నాడో లెక్కలేదు. దాచుకున్న చీటీల్లో డైక్లోఫెనాక్, దాంతో పాటు చాలాసార్లు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉన్నాయి. స్టెరాయిడ్ సూది రెండు, మూడు రోజులు హాయినిస్తుంది, జబ్బును కప్పి పెడుతుంది. తర్వాత ఒక చోట నడుము ఎంఆర్ఐ తీసి, చివరి డిస్క్ కొద్దిగా ఉబ్బిందని చెప్పి, బెల్టు ఇచ్చి మూడు వారాలు మంచం దిగొద్దన్నారు. ఆ మూడు వారాలంత నరకం తన జన్మలో చూడలేదన్నాడు. నాలుగో వారం ఎవరికీ చెప్పకుండా యార్డుకు పోయి బస్తా ఎత్తాడు. సాయంత్రానికి ఒళ్లు తేలికపడింది.

ఆ పాత ఎంఆర్ఐ ఫిల్మును లైట్ బాక్స్ మీద పెట్టి చాలాసేపు చూశాను. నొప్పి ఏమీ లేని వాళ్లలో కూడా అలాంటి డిస్క్ ఉబ్బు మామూలుగా కనిపిస్తుంది. నాకు బాధ కలిగించింది అది కాదు. నడుము కోసం తీసే ఎంఆర్ఐలో త్రికాస్థికి, కటి ఎముకకు మధ్య ఉండే సాక్రోఇలియాక్ కీళ్లు పూర్తిగా పడవు. మేం వాటిని ఎస్ఐ కీళ్లు అంటాం. జబ్బు కూర్చున్న చోటికి బెత్తెడు పైనే స్కాన్ ఆగిపోయింది.

ఇక కన్ను. ఈ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు కంటి లోపలి పొర వాచే యువైటిస్ వస్తుంది కాబట్టి అడిగాను.

"కండ్లెప్పుడన్న ఎర్రబడ్డయా తమ్మీ?"

"మిర్చి గాటుకు ఎర్రబడకుంటే ఎట్ల సార్, అందరికీ అయితది."

"రెండు కండ్లా, ఒక్కటేనా?"

కాసేపు ఆలోచించాడు. "ఒక్కటే."

గాటు రెండు కళ్లకూ తగులుతుంది, కాసేపు నీళ్లు కారి తగ్గిపోతుంది. ఇతనికి ఎడమ కన్ను ఒక్కటే ఎర్రబడి, వెలుతురు చూడలేక, చూపు మసకబారి మూడు వారాలు ఉంది. రెండోసారి కుడి కంటికి వచ్చినప్పుడు వానాకాలం. అప్పుడతను యార్డులోనే లేడు, ఊళ్లో నాట్లకు పోయాడు. కంటి డాక్టరు దగ్గరికి పంపిస్తే, ఎడమ కంటిలో ఐరిస్ (కంటిలోని రంగు పొర) దాని వెనక ఉన్న లెన్స్‌కు మూడు చోట్ల అతుక్కున్న పాత గుర్తులు కనిపించాయి. గాటు అలా అతికించదు.

బస్తా నడుమును దాచింది, మిర్చి కన్నును దాచింది. పని కష్టమైనదైతే ఒంట్లో ఏ బాధ వచ్చినా ఆ పని ఖాతాలోనే పడుతుంది. మన దగ్గర బీడీలు చుట్టే అక్కల చేతి కీళ్ల నొప్పులు, బాయి పనికి పోయే అన్నల నడుము నొప్పులు ఇలాగే ఏళ్లకు ఏళ్లు నలుగుతాయి.

మేనమామ, ఫ్లోరైడ్ నీళ్లు

వెంట వచ్చిన తల్లి అంతదాకా మాట్లాడలేదు. లేవబోతుంటే అంది: "మా తమ్మునికి గూడ గిట్లనే మొదలైంది సారూ. ఇప్పుడు మొత్తం వంగిపోయిండు. ఫ్లోరిన్ నీళ్లు తాగినందుకు అన్నరు. వీనికి గూడ గదేనా?"

ఈ ప్రశ్నను తోసేయడానికి లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొట్టమొదట నివేదిక వచ్చింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. తెలంగాణలో నల్లగొండ పేరు అందరికీ తెలుసు. మన ఉత్తర జిల్లాల్లో కూడా కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువే. ఎముకల ఫ్లోరోసిస్‌లోనూ వెన్ను బిగుసుకుంటుంది, ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లలోకి సున్నం చేరుతుంది, మనిషి వంగిపోతాడు. ఎక్స్‌రే తొందరలో చూస్తే పొరబడే ప్రమాదం ఉంది.

తేడా ఎక్కడంటే, ఫ్లోరోసిస్‌లో ఎముక మొత్తం సుద్దలాగా తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొరకు సున్నం పడుతుంది. అది చాలా నమ్మకమైన గుర్తు. ఎస్ఐ కీలు చుట్టూ ఉన్న లిగమెంట్లు గట్టిపడవచ్చు గానీ, కీలు అంచులను పురుగు కొరికినట్టు ఎముక తినేయడం ఉండదు. పిర్ర నొప్పి పక్కలు మారడం, కన్ను ఎర్రబడటం కూడా దాని లక్షణాలు కావు. ఇతనికి ముంజేయి ఎక్స్‌రే తీయించాను. పొర శుభ్రంగా ఉంది, ఎముక చిక్కదనం మామూలుగానే ఉంది.

ఒంటి పరీక్ష

షోబర్ పరీక్షకు టేపు, పెన్ను ఉంటే చాలు. నడుము కింది సొట్టల దగ్గర నుంచి 5 సెంటీమీటర్లు కిందికి, 10 పైకి గీతలు పెట్టి, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమంటాం. ఆరోగ్యంగా ఉన్న యువకుడిలో ఆ 15 సెంటీమీటర్లు 20 దాటాలి. ఇతనికి 17.5 దగ్గర ఆగింది. వంగినప్పుడు చేతివేళ్లు దాదాపు పాదాలను తాకాయి, అందుకే చూసేవాళ్లకు వంగగలుగుతున్నట్టే ఉంటుంది. కానీ ఆ వంగడమంతా తుంటి నుంచే. నడుము భాగం పలకలాగా లేచి పలకలాగా దిగింది.

నిండా గాలి పీల్చినప్పుడు ఛాతీ 3 సెంటీమీటర్లే విచ్చుకుంది. గోడకు ఆనుకుని నిలబడితే తల వెనక భాగం గోడకు తగిలింది, అంటే మెడ ఇంకా ముందుకు పోలేదు. కుడి మడమ వెనక, పిక్క కండరాన్ని పట్టే ఎకిలిస్ టెండన్ ఎముకకు అతుక్కునే చోట వాపు, వేలు పెడితే నొప్పి. దానికి రెండేళ్లుగా మెత్తటి చెప్పులు మారుస్తున్నాడట. కుడి తుంటిని లోపలికి తిప్పుతుంటే ముఖం చిట్లించాడు. ఇది నాకు అన్నింటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఈ జబ్బులో తుంటి దెబ్బతిన్న మనిషి, వెన్ను ఒక్కటే బిగిసిన మనిషి కంటే ఎక్కువ అవస్థ పడతాడు.

ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు రెండూ ఎక్కువే: ఈఎస్ఆర్ 48, సీఆర్పీ 31. హిమోగ్లోబిన్ 11.2. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే, ఈ జబ్బుతో సంబంధమున్న జన్యువు పరీక్ష పాజిటివ్. ఈ చివరి పరీక్ష విషయంలో ఒక మాట చెప్పాలి. కటి ఎక్స్‌రే చూశాక అది అవసరం లేదు. కీలు ఎంత దెబ్బతిన్నదో చెప్పే లెక్కలో ఎడమ ఎస్ఐ కీలు మూడో గ్రేడు, కుడిది రెండో గ్రేడు. ఈ జబ్బును నిర్ధారించడానికి వాడే 1984 నాటి సవరించిన న్యూయార్క్ ప్రమాణాల ప్రకారం ఎక్స్‌రే వైపు నుంచి అంతకు మించి ఏమీ అక్కర్లేదు, లక్షణాలు ఎలాగూ ఉన్నాయి. మొదటి రోజే అన్ని పరీక్షలూ కలిపి రాశాను. ముందు ఎక్స్‌రే ఒక్కటి తీయించి ఉంటే కూలి మనిషికి ఆ ఖర్చు మిగిలేది. తప్పు నాదే. అప్పటి నుంచి వరుస మార్చుకున్నాను.

ఎంఆర్ఐలో నాలుగు వయసులు

ఈసారి ఎస్ఐ కీళ్లకు, వెన్నెముక మొత్తానికి ఎంఆర్ఐ చేయించాం. ఇందులో రెండు రకాల బొమ్మలు ముఖ్యం. స్టిర్ అనే పద్ధతిలో నీరు తెల్లగా మెరుస్తుంది, అంటే ఇప్పుడు నడుస్తున్న ఇన్‌ఫ్లమేషన్ కనిపిస్తుంది. టీ1లో కొవ్వు తెల్లగా కనిపిస్తుంది, అంటే జరిగిపోయినదాని గుర్తు.

కుడి ఎస్ఐ కీలు కింది సగంలో, కటి ఎముక వైపు, స్టిర్‌లో తెల్లటి మెరుపు. ఎముక లోపలి మూలుగలో నీరు చేరింది. కీలు అంచు అక్కడక్కడ కొరికినట్టుంది. ఎడమ కీలులో మెరుపు దాదాపు లేదు. టీ1లో కొవ్వు మచ్చలు, కొరికిన గుంటల్లో పూడికలాగా అదే కొవ్వు, ఒక చోట రెండు ఎముకలను కలుపుతూ సన్నటి వంతెన. వెన్నెముకలో ఎల్1 (నడుములో మొదటి) పూస పైమూల స్టిర్‌లో మెరుస్తోంది. దానికి పైనున్న డి12 (వీపులో చివరి పూస) కింది మూలలో మెరుపు లేదు, కొవ్వు ఉంది, అక్కడి నుంచి సన్నటి ముల్లులాంటి ఎముక కిందికి మొలవడం మొదలైంది.

ఒకే ఒంట్లో, ఒకే రోజున. ఎడమ కీలు జబ్బు పాతది, కుడిది నడుస్తున్నది. ఎల్1 మూల కొత్తది, డి12 మూల ముదిరింది.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే లిగమెంటు, టెండను ఎముకకు అతుక్కునే చోటును చూడాలి. దాన్ని ఎంథెసిస్ అంటాం. హమాలీ కొక్కెం బస్తాలో గుచ్చి లాగినప్పుడు గోనె నడిమధ్యలో చిరగదు, కొక్కెం పట్టుకున్న చోటే పోగులు విడిపోతాయి. ఒంట్లో కూడా లాగుడంతా అతుకు దగ్గరే పడుతుంది. మెత్తటి నారను గట్టి ఎముకకు నేరుగా అతికిస్తే ఊడివస్తుంది కాబట్టి, అక్కడ నాలుగు పొరలు ఉంటాయి. మొదట లిగమెంటు నార, తర్వాత నార కలిసిన మృదులాస్థి, తర్వాత సున్నం చేరిన మృదులాస్థి, చివర ఎముక. గట్టిదనం మెట్లు మెట్లుగా పెరుగుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో జబ్బు మొదట కీలు లోపలి సైనోవియం పొరలో పుడుతుంది. ఈ జబ్బులో ఈ అతుకు దగ్గర పుడుతుందని ఇంగ్లండ్‌లో జాన్ బాల్ 1971లో చూపించాడు. రెండేళ్లకు, 1973లో, లండన్, లాస్ ఏంజిలెస్ బృందాలు విడివిడిగా హెచ్‌ఎల్‌ఏ-బి27తో దీనికున్న సంబంధాన్ని బయటపెట్టాయి.

ఎస్ఐ కీలులో కటి ఎముక వైపు మృదులాస్థి త్రికాస్థి వైపు కంటే పలచన. జబ్బు ముందు అటువైపే కనపడటానికి అదొక కారణం. మృదులాస్థి కింద ఎముక మూలుగలోకి రోగనిరోధక కణాలైన టీ కణాలు, మాక్రోఫేజ్ కణాలు గుంపులుగా చేరతాయి. టీఎన్ఎఫ్, ఐఎల్-17, ఐఎల్-23 అనే సంకేత ప్రొటీన్లు వాటిని ఎగదోస్తుంటాయి. కొత్త రక్తనాళాలు పుడతాయి, నీరు ఊరుతుంది. మనకు స్టిర్‌లో తెల్లగా కనిపించేది ఇదే. ఎముకను తినే ఆస్టియోక్లాస్ట్ కణాలు రంగంలోకి దిగి కీలు అంచును కొరుకుతాయి. మృదులాస్థికి కింది నుంచి కూడా దాడి తగులుతుంది.

రుమటాయిడ్‌లో కథ ఇక్కడే తిరుగుతూ ఉంటుంది, కొరకడమే తప్ప పూడ్చడం ఉండదు. ఈ జబ్బులో ఇన్‌ఫ్లమేషన్ చల్లారిన చోట ఒంటికి మరమ్మతు పిచ్చి పడుతుంది. ముందు ఆ చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. తర్వాత అతుకులోని మృదులాస్థి కణాలు ఉబ్బి, వాటి స్థానంలో ఎముక పడుతుంది. కడుపులో బిడ్డకు పొడవాటి ఎముకలు తయారయ్యే పద్ధతే ఇది, ఇక్కడ అవసరం లేని చోట మళ్లీ మొదలవుతుంది. పూసల మూలల నుంచి నిలువుగా మొలిచే ఈ సన్నటి ఎముకలను సిండెస్మోఫైట్లు అంటాం. పై పూస నుంచి వచ్చినదీ, కింది పూస నుంచి వచ్చినదీ కలిస్తే రెండు పూసలు ఒకటైపోతాయి. అన్నీ కలిసినప్పుడు ఎక్స్‌రేలో వెన్ను వెదురు కణుపుల్లాగా కనిపిస్తుంది.

ఇంకో ఘోరం కూడా ఇందులోనే ఉంది. పూస బయట అనవసరమైన ఎముక పెరుగుతుంటే, లోపల ఉండాల్సిన ఎముక పలచబడుతుంది. వంగని, గుల్లబారిన వెన్ను చిన్న దెబ్బకే విరుగుతుంది.

మందులు, ఫ్రిజ్, బోర్లా పడుకోవడం

మొదట వాపు, నొప్పి తగ్గించే నాప్రోక్సెన్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, కడుపుకు ఇబ్బంది లేకుండా ఇంకో మాత్రతో. నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్ర కాదిది, రోజూ వేసుకోవాలని గట్టిగా చెప్పాను. మూడు వారాల తర్వాత అలాంటిదే ఎటోరికాక్సిబ్ 90కి మార్చాను. అంతకుముందు ఎవరో సల్ఫాసలజీన్ ఆరు నెలలు వాడించారు. చేతులు, కాళ్ల కీళ్లకు అది కొంత ఉపయోగపడవచ్చు, వెన్నుకు పనిచేయదు. ఎక్కువ రోజులు స్టెరాయిడ్ మాత్రల మీద ఉంచడం కూడా సరికాదు.

జబ్బు ఎంత తీవ్రంగా ఉందో ఆరు ప్రశ్నలతో లెక్కించే బాస్‌డాయ్ స్కోరు మొదటి రోజు 6.8, ఆరు వారాలకు 5.4. రాత్రి నిద్ర కొంచెం మెరుగైంది గానీ సీఆర్పీ 24 దగ్గరే ఉంది. తుంటిలో నొప్పి, రెండుసార్లు యువైటిస్, మూలుగలో నడుస్తున్న ఇన్‌ఫ్లమేషన్. వీటన్నింటినీ పెట్టుకుని ఇంకా ఎదురుచూడటం నాకు న్యాయం అనిపించలేదు. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే అడాలిముమాబ్ ఎంచుకున్నాను. కంటికి కూడా కాపు కాసే మందు కావాలి, ఇదే రకం ఇంకో మందు ఎటనర్‌సెప్ట్ ఆ పని అంత బాగా చేయదు.

టీబీ క్రిమి ఉందా అని చూసే మాంటూ పరీక్ష 14 మిల్లీమీటర్లు వచ్చింది. ఛాతీ ఎక్స్‌రే బాగుంది, దగ్గు లేదు, జ్వరం లేదు. అంటే టీబీ క్రిమి నిద్రలో ఉంది. టీఎన్ఎఫ్‌ను ఆపితే అది లేచే ప్రమాదం ఉంది కాబట్టి టీబీ మందు ఐసోనియాజిడ్, దాంతో పాటు పిరిడాక్సిన్ అనే విటమిన్ మొదలుపెట్టి, ఒక నెల గడిచాకే మొదటి ఇంజెక్షన్ ఇచ్చాం. ఐసోనియాజిడ్ ఆరు నెలలూ ఆపకుండా వాడాడు.

అడాలిముమాబ్ రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాములు. అసలు మందుకు దగ్గరగా తయారుచేసిన బయోసిమిలర్లు వచ్చాక ధర తగ్గింది గానీ, హమాలీ కూలికి ఇప్పటికీ బరువే. అన్నదమ్ములు ఇద్దరు కలిసి పెట్టుకున్నారు. డబ్బు సంగతి తేలాక ఇంకో సమస్య. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ సంగతి తెలిసిందే, వాళ్లింట్లో ఫ్రిజ్ లేదు. ఊళ్లో కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో, కూల్‌డ్రింక్ సీసాల వెనక, పేరు రాసిన డబ్బాలో పెట్టుకున్నాడు. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దని, గడ్డకడితే మందు పాడవుతుందని కొట్టు యజమానికి కూడా ఫోన్‌లో చెప్పాను.

పని విషయంలో చాలా ఆలోచించాను. కదిలితే నొప్పి తగ్గుతుంది, కాబట్టి విశ్రాంతి వద్దు. అలాగని బస్తాలు మోయడం వ్యాయామం కాదు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కాళ్ల మీద బరువు పడకుండా చేస్తే అతుకుల దగ్గర ఇన్‌ఫ్లమేషన్ తగ్గింది. శారీరక శ్రమ చేసేవాళ్లలో ఇన్‌ఫ్లమేషన్ వల్ల వెన్నుకు జరిగే నష్టం ఎక్కువగా ఉన్నట్టు యూరప్ పరిశీలనలు కూడా చెప్పాయి. సాయంత్రానికి ఒళ్లు తేలికపడింది నిజమే, కానీ అదే బరువు అతుకుల మీద ఏం చేస్తుందో ఆ పూట తెలియదు. మెడ మీద, వీపు మీద బస్తా ఎత్తొద్దని చెప్పాను. ముఠా మేస్త్రీతో మాట్లాడుకుని కాంటా దగ్గర తూకం రాసే పనికి మారాడు. కూలి తగ్గింది. ఇది నేను సులువుగా ఇచ్చిన సలహా కాదు, అతను సులువుగా ఒప్పుకున్నదీ కాదు.

పొద్దున, సాయంత్రం పదిహేను నిమిషాలు బోర్లా పడుకోవాలి. గోడకు మడమలు, పిరుదులు, భుజాలు, తల ఆనించి నిలబడాలి. నిండా గాలి పీల్చి ఛాతీ విప్పాలి. కుంగిన నవారు మంచం వద్దు, నేల మీద పలచటి పరుపు, పలచటి దిండు. ఈత వచ్చా అంటే నవ్వాడు, "బావిల దుంకెటోన్ని సార్." దుంకొద్దు, మెల్లగా దిగి ఈదమన్నాను. బీడీ పూర్తిగా మానాలన్నాను. పొగ తాగేవాళ్లలో ఈ కొత్త ఎముక తొందరగా పెరుగుతుంది. మూడు నెలలు పట్టింది గానీ మానేశాడు.

భార్య అప్పుడు ఐదో నెల. బిడ్డకు కూడా వస్తుందా అని ఇద్దరూ అడిగారు. ఆ జన్యువు బిడ్డకు అందే అవకాశం సగానికి సగం. అందినా ఆ జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు రానే రాదు. పసిబిడ్డకు రక్తపరీక్ష చేయించాల్సిన పని లేదని, పెద్దయ్యాక పొద్దున నడుము బిగుసుకోవడం, కన్ను ఎర్రబడటం లాంటివి ఉంటే అప్పుడు చూద్దామని చెప్పాను.

ఏడాది తర్వాత అదే యంత్రం

మూడు నెలలకు బాస్‌డాయ్ 2.1, సీఆర్పీ 5. షోబర్ 17.5 నుంచి 18.5కు వచ్చింది, ఛాతీ 4 సెంటీమీటర్లు విచ్చుకుంది. తుంటి నొప్పి లేకుండా తిరిగింది. రాత్రి మెలకువ లేదు. "పండుకుంటే పొద్దుగాలనే లేస్తున్న సార్, మా అమ్మ లేపుతాంది" అన్నప్పుడు తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడేళ్లుగా ఆ ఇంట్లో రాత్రి తలుపు చప్పుడు వినేది ఆమెనే.

ఏడాదికి ఎంఆర్ఐ మళ్లీ తీయించాం. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చూశాను.

ఎల్1 పైమూలలో మెరుపు పోయింది. దాని స్థానంలో కొవ్వు లేదు, ముల్లు లేదు. ఎముక మామూలుగా ఉంది. కుడి ఎస్ఐ కీలులో నీరు ఆరిపోయింది, కొంతమేర కొవ్వు మిగిలింది. ఎడమ కీలులో ఎముక వంతెన అలాగే ఉంది, ఇంకాస్త మందమైంది. డి12 మూలలో ఆ ముల్లు రెండు మిల్లీమీటర్లకు పైగా పొడవు పెరిగింది.

అదే మనిషి, అదే మందు, అవే తేదీలు. కొత్తగా రాజుకున్న చోట మందు వేళకు అందింది, జాడ లేకుండా పోయింది. కొవ్వు దశకు చేరిన చోట ఎముక తన పని తాను చేసుకుపోయింది. దీనికి ఒక వివరణ ఉంది: ఇన్‌ఫ్లమేషన్ నడుస్తున్నంత కాలం టీఎన్ఎఫ్ వల్ల పుట్టే డీకేకే-1 అనే ప్రొటీన్ ఎముక పెరగకుండా బ్రేకు వేస్తుంది, ముదిరిన చోట ఇన్‌ఫ్లమేషన్ చల్లారగానే ఆ బ్రేకు ఊడిపోతుంది. ఇది ఇంకా పూర్తిగా తేలిన విషయం కాదు. కానీ త్వరగా మొదలుపెట్టి ఏళ్ల తరబడి వాడినవాళ్లలో వెన్ను బిగుసుకోవడం నెమ్మదిస్తుందని పరిశీలనలు ఉన్నాయి. అందుకే డి12 ముల్లు పెరిగిందని మందు ఆపలేదు. ఇంకా రాజుకోని మూలలు పైన చాలా ఉన్నాయి.

మొదటి పిర్ర నొప్పి రోజున, 20 ఏళ్లప్పుడు, ఎడమ కీలు కూడా ఎల్1 మూల లాగానే ఉండి ఉంటుంది. ఆ ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

పద్దెనిమిదో నెలలో వచ్చినప్పుడు వెంట మేనమామను తీసుకొచ్చాడు. యాభై దాటిన మనిషి. గది గుమ్మం దగ్గర నన్ను చూడటానికి తల ఎత్తలేక మోకాళ్లు వంచి, ఒంటిని వెనక్కి వాల్చి చూశాడు. గోడకు నిలబెడితే తల వెనక భాగానికి, గోడకు మధ్య 19 సెంటీమీటర్లు. ముంజేయి ఎక్స్‌రేలో పొర శుభ్రం. ఎస్ఐ కీళ్లు రెండూ కనపడకుండా పూర్తిగా కలిసిపోయాయి. వెన్ను నడుము నుంచి మెడ దాకా వెదురు. ఫ్లోరైడ్ కాదు. ముప్పై ఏళ్లుగా ఆ పేరు మోశాడు. సీఆర్పీ మామూలుగా ఉంది, నొప్పి ఎప్పుడో ఆగిపోయిందట. ఇప్పుడు టీఎన్ఎఫ్ మందు ఆయనకు ఇచ్చేదేమీ లేదు. ఎముక సాంద్రత పరీక్షకు రాసి, విటమిన్ డి మొదలుపెట్టి, బాత్రూంలో జారకుండా చూసుకోమని, పడినా, మెడలో కొత్తగా నొప్పి మొదలైనా ఆ రోజే రావాలని, మెడకు నూనె మర్దనాలు, విరుపులు ఎవరినీ చేయనివ్వొద్దని చెప్పాను.

మేనల్లుడు రెండు ఎక్స్‌రేలనూ లైట్ బాక్స్ మీద చూస్తూ నిలబడ్డాడు.

"నాది ఎక్కడిదాక వచ్చింది సార్?"

డి12 దగ్గర వేలు పెట్టి చూపించాను. ఆ ముల్లును, దాని పైనున్న ఖాళీ మూలలను ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత మామ చేయి పట్టుకుని, మెట్ల దగ్గర ముందు తాను దిగి, ఆయన్ను దించాడు. తర్వాతి ఇంజెక్షన్ మంగళవారం.